మైదానమంతా ‘ఆఁ’ అన్న సాయంత్రం

మా ఆవిడ ఒకసారి లక్షమంది చేత ఒక్క మాటతో నోరు మూయించింది. డ్రమ్ములు ఆగిపోయాయి, గిటార్లు గుటకలు మింగాయి, గాలి కూడా కాసేపు తటపటాయించింది.

సరే, లక్ష కాకపోవచ్చు. నేను లెక్కపెట్టలేదు. నా ముందున్నవాడి వీపు తప్ప నాకేమీ కనపడలేదు. గాలి సంగతి కూడా వదిలేయండి. డ్రమ్ములంటారా, ఆవిడ మాట్లాడే సమయానికి అవి ఎలాగూ ఆగే ఉన్నాయి. కానీ నోరు మూయించిన మాట మాత్రం నిజం. ఇన్నేళ్ళు నా చేత నోరు మూయించిన మనిషికి అదో లెక్కా?

ఆవిడ రైల్వే స్టేషన్లో అనౌన్సరు. మొదట టిక్కెట్ల కిటికీ దగ్గర గుమస్తాగా చేరింది. ఒకరోజు అనౌన్సరు గారికి గొంతు బొంగురుపోయింది. ఎవరు దొరికితే వాళ్ళని మైకు ముందు కూర్చోబెట్టమన్నాడు స్టేషన్ మాస్టరు. ఈవిడ దొరికింది. గొంతు బాగుపడి ఆయన తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా లేదు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, మెట్ల కింద అగ్గిపెట్టెంత గదిలో కూర్చుని, ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో ఊరందరికీ చెప్పింది. ఆ గొంతు తెలియనివాడు ఊళ్ళో లేడు. ఆ మొహం తెలిసినవాడూ లేడు. కూరగాయల కొట్లో “అరకిలో టమాటాలు” అంటే చాలు, పక్కన నిలబడ్డవాళ్ళు చేతిసంచీ గట్టిగా పట్టుకుని అటూ ఇటూ చూసేవారు.

నేను ఆవిణ్ణి మొదట విన్నాను, తరవాత చూశాను. ఆ గొంతుకి మైమరచిపోయి ఎక్కాల్సిన రైలు వదిలేశానని అందరికీ చెబుతుంటాను. నిజానికి బెంచీ మీద నిద్రపోయాను. లేచి, “కాస్త గట్టిగా చెప్పకూడదండీ?” అని దెబ్బలాటకి వెళ్ళాను.

“మూడుసార్లు చెప్పాను. ఊరంతా లేచింది. మీరొక్కరే లేవలేదు” అంది.

అప్పటినుంచి నన్ను నిద్రలేపే పని ఆవిడదే అయింది.

ఇంట్లోనూ అదే గొంతు. “అన్నం పెట్టాను” అన్న మాట కూడా మూడుసార్లు చెప్పేది. తిడితే ఇంకా బాగుండేది. ఎక్కడా తొట్రుపాటు లేకుండా, అక్షరం అక్షరం విడివిడిగా, నేను ఏ తప్పు ఏ వేళకి చేశానో, ఎంత ఆలస్యంగా ఒప్పుకున్నానో అంతా వివరంగా చెప్పేది. గోడలకి చెవులుంటాయంటారు గానీ మా ఇంటి గోడల చెవులకి ఏనాడో చిల్లులు పడ్డాయని నేను స్నేహితుల దగ్గర వెక్కిరించేవాణ్ణి. నేనో ఇంగ్లీషు టైపిస్టుని. నా జీవితంలో వినపడదగ్గ చప్పుడు చేసింది నా మిషను ఒక్కటే.

ఆవిడ రిటైరవగానే స్టేషన్లో యంత్రం పెట్టారు. రైలన్నది ఎన్నడూ చూసినట్టు లేని గొంతొకటి అంకెల్ని ముక్కలు ముక్కలుగా అతికించి చదువుతుంది. ఈవిడ ఒకసారి ప్లాట్‌ఫారం మీద నిలబడి విని ఇంటికొచ్చింది. ఆ తరవాత మాట సన్నగిల్లింది. పక్కగదిలోకి కూడా వినపడనంతగా. డాక్టరు టార్చి వేసి చూసి గొంతు భేషుగ్గా ఉందన్నాడు.

“ఇంకెవరికి వినపడాలండీ” అంది ఆవిడ. అదీ డాక్టరుకి వినపడక, నేను మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

నా చేతనైంది నేను చేశాను. తడి తువ్వాలు పరుపు మీద పడేశాను; తీసి ఆరేసింది. కళ్ళజోడు ఫ్రిజ్‌లో దాచి ఇల్లంతా వెతికాను. తెచ్చి చేతిలో పెట్టింది. ఆవిడకి ప్రాణమైన గాజు కూజా పగలగొట్టాను, ఇది మాత్రం పొరపాటునే, ఊడ్చి పారేసింది. ఒక్క తిట్టు లేదు. తిట్లకి మొహం వాచిపోయాను. ఆ గొంతు మళ్ళీ వినకుండానే పోతానేమోనని బెంగ పట్టుకుంది. ఈ ఒక్క ముక్కకీ నేను ఉప్పూ కారం అద్దలేదు.

అలాంటి రోజుల్లో మా మనవరాలు వచ్చింది. మా అమ్మాయి కూతురు, కాలేజీ పిల్ల. ఊరి బయట పాత విమానాల మైదానంలో పెద్ద రాక్ కచేరీట.

“అమ్మమ్మా, పెద్దవాళ్ళు తోడుంటేనే పంపిస్తానంటున్నాడు నాన్న. నువ్వు రావే, ప్లీజ్.”

“నేనా?” అంది ఆవిడ, దాదాపు పెదవులతోనే.

“నేనున్నాను కదా పెద్దవాణ్ణి!” అన్నాను.

“నిన్ను చూసుకోడానికే ఇంకెవరైనా పెద్దవాళ్ళు కావాలన్నాడు తాతయ్యా.”

మా అల్లుడు మంచివాడే గానీ, తొందరపడి నిజాలు మాట్లాడతాడు.

కాన్వెంటులో చదివినవాణ్ణి, ఇంగ్లీషు పాటలు నాకు కొట్టిన పిండి, ప్రతి మాటకీ అర్థం చెబుతానని పిల్లకి హామీ ఇచ్చాను. కాన్వెంటు పాటల బృందంలో నేనున్న మాట నిజమే. సిస్టరు నన్ను ఆఖరి వరసలో నిలబెట్టి, “నువ్వు పెదవులు కదుపు చాలు నాయనా, దేవుడికి అర్థమవుతుంది” అన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఎండ తగ్గకముందే వెళ్ళాం. గేటు దగ్గర మణికట్టుకి కాగితపు పట్టీ వేశారు, ఆపరేషనుకి ముందు ఆసుపత్రిలో వేసినట్టు. నీళ్ళసీసాల మూతలు లాక్కున్నారు. నా చేతికర్రని అటూ ఇటూ తిప్పి చూసి, నన్నూ అటూ ఇటూ తిప్పి చూసి, ఇద్దరివల్లా ప్రమాదం లేదని తేల్చి వదిలారు. లోపల అందరివీ పుర్రెబొమ్మల నల్లచొక్కాలు. తెల్లటి ఇస్త్రీ చొక్కాలో నేను, పెళ్ళికని బయల్దేరి చావింట్లో దూరినవాడిలా ఉన్నాను.

స్టేజి మీదకి ఒకడు వచ్చి మైకు దగ్గర “వన్, టూ... వన్, టూ...” అన్నాడు.

“ఏమంటున్నాడు తాతయ్యా?” అంది మనవరాలు అమాయకంగా.

“ఒంటరిగా ఉండేవాణ్ణి, నీ రాకతో ఇద్దరమయ్యాం అంటున్నాడమ్మా. గాఢమైన ప్రేమగీతం.”

“అది మైకు టెస్టింగు తాతయ్యా!”

ఆవిడ పెదవి కొస కదిలింది. మాట మాత్రం బయటికి రాలేదు.

తరవాత మొదటి బృందం వచ్చింది. తొలి దెబ్బకే నా కట్టుడు పళ్ళు వాటంతటవే తాళం వేశాయి. చప్పుడు చెవుల్లోంచి కాదు, అరికాళ్ళలోంచి పైకొచ్చింది. అందరూ ఎగురుతుంటే ఎగరనివాడు గోతిలో నిలబడ్డట్టు కనిపిస్తాడు కాబట్టి నేనూ మడమలెత్తాను. పిల్లలు గొంతు చించుకుని పాడుతున్నారు. నేను పెదవులు కదిపాను. ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇన్నాళ్ళకి నాకు తగిన బృందం దొరికింది. మా ఆవిడ మాత్రం చెవుల్లో దూది పెట్టుకుని, పాడేవాళ్ళని వదిలేసి, మేడంత ఎత్తున్న ఆ స్పీకర్ల వంకే చూస్తూ నిలబడింది.

వాళ్ళు దిగిపోయాక, మనవరాలు దేవుళ్ళలా కొలిచే రెండో బృందం రావాలి. ఈలోగా బాత్రూముకి వెళ్ళొస్తానన్నాను.

అక్కడి వరసలో, ఆ రెండో బృందం గాయకుడి గురువుకి గిటారు నేర్పింది నేనేనని ఇద్దరు కుర్రాళ్ళని నమ్మించాను. ఒకడు నమ్మాడు. రెండోవాడు నన్ను కూర్చోమని నీళ్ళిచ్చాడు. తిరిగి వస్తుంటే అభిమానులు నన్ను అమాంతం చేతుల మీదికెత్తి, తలల మీదుగా మైదానం దాటించారు. అంటే, ఎవరూ ఎత్తలేదు. జనం ఒక్కసారి ముందుకి తోసుకొస్తే నా పాదాలు కాసేపు నేలకి ఆనలేదు, అంతే. ఆనేసరికి స్టేజికి అవతలివైపు, జనరేటరు లారీల పక్కన ఉన్నాను. ఒక కాలికి చెప్పు లేదు.

అటువైపు ఏం జరిగిందో మనవరాలు చెప్పింది. ఎంతసేపటికీ నేను రాకపోయేసరికి ఇద్దరూ విచారణ టెంటుకి వెళ్ళారు. టెంటులో మైకు ముందు ఒక లావుపాటాయన కూర్చుని ఉన్నాడు.

“ఎవరు తప్పిపోయారమ్మా?”

ఆవిడ చెప్పింది. ఆయనకి వినపడలేదు. పిల్ల చెప్పింది. ఆయన మైకుని కొరుక్కు తినేంత దగ్గరగా పట్టుకుని, “ఎవరో ముసలాయనంట... తప్పిపోయాడంట... ఎక్కడున్నా...” అంటుండగా మైకు కుయ్యోమంది.

మా ఆవిడ చెవుల్లోంచి దూది తీసేసింది.

“మైకు తినకు బాబూ. బెత్తెడు దూరం పెట్టు. ‘అంట’ ఏమిటి, ‘అంట’? ఎవరు, ఎలా ఉంటారు, ఎక్కడికి తీసుకురావాలి, అది గదా చెప్పాల్సింది!”

“అంత తెలిసినదానివి నువ్వే చెప్పమ్మా” అన్నాడాయన వెటకారంగా.

“ఇలా ఇవ్వు.”

స్టేజి మీద వైర్లు మార్చేటప్పుడు ఆ టెంటు మైకుని పెద్ద స్పీకర్లకి కలుపుతారట. ఇక మిగతాది నేను లారీ చక్రానికి ఆనుకుని స్వయంగా విన్నాను.

“ప్రయాణికులకు విజ్ఞప్తి.”

మైదానం నోరు మూసుకుంది. పుర్రెచొక్కాలవాళ్ళు కాళ్ళ దగ్గరున్న సంచులు భుజానికెత్తుకున్నారు. నా పక్కనున్న జంట అంచు నుంచి రెండడుగులు వెనక్కి వేసింది, అక్కడ ఏ అంచూ లేకపోయినా. పుట్టినప్పటినుంచీ విన్న గొంతు. ఇక్కడికెలా వచ్చిందని ఎవరూ అడగలేదు. బుద్ధిగా విన్నారు.

“బట్టతల, తెల్లచొక్కా, చేతికర్ర గల పెద్దాయన ఒకరు తప్పిపోయారు. ఎవరూ అడగకపోయినా కథలు చెబుతుంటారు. దయచేసి నమ్మవద్దు. కనిపించినవారు విచారణ టెంటుకి తీసుకురావలసిందిగా మనవి.”

మూడుసార్లు చెప్పింది. చివర పేరు చెప్పి పిలవాలి. పెళ్ళయినప్పటినుంచి ఆవిడ నన్ను పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. మైకులో ఓ తడబాటు. అంతటి అనౌన్సరు నోట నేను విన్న తడబాటు అదొక్కటే. తరవాత వినపడింది:

“ఏమండీ!”

మైదానంలో ఉన్న మొగుళ్ళందరూ “ఆఁ” అన్నారు.

పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తండ్రులు, ఐస్‌క్రీములవాడు, గేటు కాపలావాళ్ళు, లైట్ల స్తంభానికి వేలాడుతున్న ఎలక్ట్రీషియను, అందరూ. డ్రమ్ములాయన కూడా తెర వెనకనుంచి తల బయటపెట్టాడని నేనంటాను. మనవరాలు ఒప్పుకోదు.

నేను కుంటుకుంటూ టెంటు చేరేసరికి అక్కడ మొగుళ్ళు బారులు తీరి ఉన్నారు. ఆవిడ ఒక్కొక్కర్నీ చూసి, “మీరు కాదు... మీరూ కాదు, మీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది, వెళ్ళండి” అని పంపించేస్తోంది. నా ముందున్నాయన వెనక్కి తిరిగి, “నాకసలు పనే లేదండీ, అలవాటుకొద్దీ వచ్చేశాను” అన్నాడు.

నా వంతు వచ్చింది. ఆవిడ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, కాళ్ళ దగ్గర ఆగింది.

“రెండో చెప్పేది?”

“పోయింది.”

“మీరు పోకుండా చెప్పు పోయిందా? ఒక్క చెప్పేసుకుని ఎక్కడ ఊరేగుతున్నారు? ఉండమన్న చోట ఉండటం ఈ జన్మలో వస్తుందా మీకు? పిల్ల స్టేజి ముందు చోటు కూడా వదులుకుని ఇక్కడ నిలబడింది! గాజు కూజా పగలగొట్టారు, ఊరుకున్నాను. తడి తువ్వాలు పరుపు మీద పడేశారు, ఊరుకున్నాను. కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టుకునేవాణ్ణి ఎవరైనా మనిషంటారా?”

మైకు ఆపలేదు. ఆ లావుపాటాయన కావాలనే ఆపలేదని నా అనుమానం. అక్షరం అక్షరం విడివిడిగా, మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి నా పరువు నాలుగు దిక్కులా మోగింది. ఎవడో “వన్స్ మోర్!” అని అరిచాడు. వెంటనే వేలమంది అందుకున్నారు. నేను తలొంచుకుని నిలబడ్డాను. కళ్ళల్లో దుమ్ము పడింది. మైదానం కదా.

“ఏడవకండి, ఇంకా అయిపోలేదు” అంది ఆవిడ స్పీకర్లలో.

ఆ తరవాత రెండో బృందం వచ్చి వాయించింది. బాగానే వాయించారు, పాపం. మనవరాలు చివరిదాకా ఎగిరింది.

ఇదంతా రాసి నిన్న ఆవిడకి చదివి వినిపించాను. పొయ్యి మీది గిన్నె దించి, వంటింట్లోంచే, వీధి చివరిదాకా వినపడేలా అంది:

“ఎవరండీ మైకు పట్టుకుంది? నేనా? కచేరీకి వెళ్ళింది పిల్లా, వాళ్ళ నాన్నా. మీకు ఆ రోజు జలుబు, ఇంట్లో మంచం దిగలేదు. నేను ఎవర్నీ పిలవలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు.”