అంగడి పిల్లి, ఇంటి పిల్లి

ఉదయం ఆరూ పదికి మా పిల్లి పాలగిన్నెను వాసన చూసి, దాని పక్కన ముందుకాలితో నేల గీకింది. పిల్లులు ఏ పని ముగించాక అలా గీకుతాయో తెలిసినవాళ్లకు ఆ పాల మీద దాని అభిప్రాయం వివరించనక్కర్లేదు.

అది నా భార్య పిల్లి. ఆమె పోయి అప్పటికి నాలుగో నెల. కర్మల కార్డులో 'స్వర్గస్థులైనారు' అని వేశారు. 'పోయింది' అని వేస్తే చాలని నేనంటే, అచ్చువేసే ఆయన నాకు మతి చలించిందేమోనన్నట్టు చూశాడు. ఎనిమిదేళ్లు ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నా, పిల్లి లెక్కలో నేను అద్దెకున్నవాణ్ణి.

మాది బాగేపల్లిలో వేరుశనగ, చింతపండు, బెల్లం అమ్మే అంగడి. వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక తలుపు. పిల్లి రోడ్డు మీదికి పోకుండా, అంగడి తెరిచే ముందు ఆమె ఆ తలుపు మూసేది. ఆమె పోయాక నేనూ మూస్తూ వచ్చాను. లోపల పిల్లి పగలంతా ఆమె ఉన్ని స్వెటరు మీద పడుకునేది. ఆ స్వెటరు ఉతకలేదు. పిల్లి కోసం అలా ఉంచానని అందరికీ చెప్పేవాణ్ణి.

ఆ వారం పిల్లి దాదాపు ఏమీ తినలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు, "మూగజీవి, ఎంత బెంగ పెట్టుకుందో చూడు" అని కళ్లు తుడుచుకున్నారు. నాకు పాల ప్యాకెట్ మార్చినందుకేమోనని అనుమానం. పాత పాలే తెచ్చాను. మళ్లీ నేల గీకింది. బుట్టలో పెట్టి చిక్కబళ్లాపురం తీసుకుపోతే, డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"జబ్బేమీ లేదప్పా. కానీ పిల్లి ఇట్లే పస్తుంటే లివరు చెడిపోతాది. ఎట్లైనా తినిపించు."

ఇది కూడా పోతే, ఆమె గొంతు విని తల తిప్పిన ప్రాణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే మిగులుతాను. చింతామణిలో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను.

"దానికి తోడు లేదురా. మా ఇంట్లో పిల్లి ఈనింది. ఒక కూనను తెస్తా ఉండు."

"ఏడాది తిరగలేదు కదక్కా."

చావు జరిగిన ఇంట్లోకి ఏడాది తిరిగేదాకా కొత్త ప్రాణాన్ని తేకూడదని మావాళ్ల పట్టింపు. కోడలైనా సరే, దూడైనా సరే. నాకు అందులో నమ్మకం లేదు. అక్కకు ఉంది. అయితే అక్కకు నియమాలంటే ఎంత భక్తో, వాటిలో సందులు వెతకడమంటే అంత సరదా.

మరునాడు అక్క బస్సు దిగి, గుడ్డ కప్పిన బుట్టతో అంగడి మెట్టు మీద నిలబడింది.

"ఇల్లు వేరే, అంగడి వేరే. ఇది ఇంటికి రాలేదు, అంగడికి వచ్చినాది. ఎలుకలు పట్టే పనికి పెట్టుకుంటాండావు, అంతే."

పక్క బట్టల అంగడి ఆయన బుట్టలోకి తొంగిచూశాడు. "ఏమప్పా, కొత్త గుమాస్తానా? నోట్లో ఇంకా పండ్లు కూడా రాలేదే."

"మీ అంగట్లో వాళ్ల మాదిరి గల్లా మీద తలపెట్టి నిద్రపోడులే," అంది అక్క.

కూనను చింతపండు బుట్టల వెనక పెట్టి, నడిమి తలుపు మూశాం. ఫోన్లో డాక్టరుకు చెబితే, "మంచి పని చేసినావు. రెండిట్నీ ఒకేసారి ఎదురుపెట్టకూడదు. కొన్నాళ్లు తలుపు అడ్డముండాల" అన్నాడు.

"చూసినావా? పెద్దోళ్లు ఊరికే పెట్టలేదు," అంది అక్క. పెద్దవాళ్లు పెట్టింది అసలు తేవద్దని.

తలుపు కింది సందు దగ్గర మా పిల్లి కాపలా కూర్చుంది. అవతల కూన అరిస్తే ఇవతల ఇది బుసకొట్టేది. తిండి మాత్రం ముట్టలేదు. ఒకసారి నేను కాఫీ గ్లాసులతో వస్తుంటే కూన నా కాళ్ల మధ్యనుంచి దూరింది. అక్క దాన్ని గడప మీదే పట్టుకుని వెనక్కి లాగింది.

"వెనక కాళ్లు అంగట్లోనే ఉండాయి. లెక్కలోకి రాదు."

ఒకదాని వాసన ఒకదానికి అలవాటు చేయమని కూడా డాక్టరు చెప్పాడు. పెద్దది పడుకున్న గుడ్డ చిన్నదానికి వేయాలట. పెద్దది పడుకుంటుందని నేను కొత్త టవలు తెచ్చి పరిచాను. మా పిల్లి దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగిపోయింది. అక్క కుర్చీలోని స్వెటరును గడ్డంతో చూపించింది.

"అది పిల్లి కోసం ఉంచినానక్కా," అన్నాను.

"పిల్లి కోసమే కదరా అడుగుతాండేది?"

ఆ స్వెటరుకు మెడ దగ్గర ఇంకా ఆమె వాసన ఉండేది. అది పిల్లికి కావాలో లేదో నాకు తెలియదు. నాకు కావాలి. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే తీసుకుపోయి కూన ముందు పరిచాను.

కూన దాని మీదికెక్కింది. ఒక చుట్టు తిరిగింది. ముందుకాళ్లతో పిసికింది. తర్వాత మెడ భాగం చూసుకుని కూర్చుని, తీరిగ్గా ఉచ్చపోసింది.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నవ్వకూడదురా, నవ్వకూడదు," అంటూనే నవ్వింది. "మీ ఆమె ఉండింటే దాన్నేమీ అనేది కాదు. కింద గోనెసంచి పరచలేదని నిన్ను తిట్టేది."

నిజమే. నేనూ నవ్వాను. కర్మల తర్వాత అదే మొదలు.

పెరట్లో కొళాయి దగ్గర కూర్చుని స్వెటరు ఉతికాను. పిల్లి ఉచ్చ ఒక ఉతుకుకు పోయేది కాదు. పోయేసరికి మిగతాది కూడా పోయింది. దండెం మీద ఆరేసేటప్పుడు చూస్తే సబ్బు వాసన ఒక్కటే వచ్చింది.

లోపలికి వచ్చేసరికి పిల్లి లేదు. స్వెటరు పట్టుకుని అంగట్లోంచి పెరట్లోకి పోయినప్పుడు నడిమి తలుపు వేయడం మరిచాను. అంగట్లో, కూన గిన్నెలో తల పెట్టి, మా పిల్లి పెరుగన్నం తింటోంది. మెతుక్కీ మెతుక్కీ మధ్య గుర్రుమంటోంది. కూన జానెడు దూరంలో, అత్తగారి ముందు కోడలిలా, వంగి కూర్చుంది.

"ఆకలితో కాదురా, కసితో తింటాంది," అని అక్క గుసగుసగా చెప్పింది. "తిననీ."

గిన్నె నాకేసి, కూన నెత్తిమీద ఒకటి మొట్టి, పిల్లి ఇంట్లోకి నడిచింది. కూన దాని వెనకే పోయింది. ఈసారి నాలుగు కాళ్లూ గడప దాటాయి. నేను అక్క వైపు చూశాను.

"నువ్వు తెచ్చినావా? లేదు. నేను తెచ్చినానా? లేదు. పిల్లి తెచ్చుకొనింది. దానికి ఏడాది పట్టింపు యాడుండాది?"

స్వెటరు మడిచి బీరువాలో పెట్టాను. మా పిల్లి ఇప్పుడు చింతపండు బుట్టల పక్కన గోనెసంచి మీద పడుకుంటుంది, కూన దాని తోక మీద. రెండూ ఒకదాన్నొకటి ప్రేమించుకుంటున్నాయని చూసినవాళ్లు అంటారు. నాకు ఆధారాలేవీ కనబడలేదు. కాకపోతే తన గిన్నె, కూన గిన్నె రెండూ పెద్దదే ఖాళీ చేస్తోంది కనుక కూనకు మూడో గిన్నె పెడుతున్నాను. రోడ్డు సంగతికొస్తే, పిల్లి ఒకసారి మెట్టు దాకా పోయి, లారీని చూసి, తిరిగొచ్చింది. మళ్లీ అటు పోలేదు.

అంగడి తెరిచే ముందు ఆ తలుపు ఇప్పుడు మూయడం లేదు.