ఆముదం రాసిన బూట్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బూట్లు తొడిగిన పాదం ఒక్కటీ లేదు. ఆదివారం ప్రార్థనకి వెళ్ళడానికి అమ్మకి ఒక చెప్పుల జత ఉండేది. అరిగిపోతాయని వాటిని చర్చి మలుపు దాకా చేత్తో పట్టుకుని నడిచి, అక్కడ తొడుక్కునేది. నా పొదుపు నాకు ఆవిడ నుంచే వచ్చింది, దానికి నేనేమీ సిగ్గుపడను. దేశం దాటి వచ్చి, ఇక్కడ సర్రీలో మా అమ్మాయి ఇంట్లో ఇప్పటికీ బ్రెడ్డు కవరు పారేయనివ్వను.

అలాంటి ఇంట్లో నాకు నల్లబూట్లు కావలసి వచ్చాయి. ఐదో తరగతి గట్టెక్కాక పట్నంలో మిషన్ హాస్టల్లో నాకు సీటు దొరికింది. తిండి వాళ్ళదే, పుస్తకాలు వాళ్ళవే. బూట్లు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. బూట్లు లేని పిల్లని గేటు దాటనివ్వమని ముందే చెప్పారు. నాన్న అప్పటికే లేడు, అమ్మ కూలికి వెళ్ళేది. అయితే అమ్మ తమ్ముడికి, అంటే మా మావయ్యకి, ఆ పట్నంలోనే బజారు వీధిలో చెప్పుల కొట్టు ఉంది. మేనకోడలికి ఒక జత బూట్లు ఇవ్వమని అమ్మ ఎండాకాలమంతా అడిగింది. మావయ్య "చూద్దాంలే అక్కా" అంటూ ఎండాకాలమంతా గడిపాడు. చివరికి హాస్టల్ తెరవడానికి ముందు రోజు రమ్మన్నాడు.

కొట్టులో నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, పై అరలో ఏళ్ళ తరబడి ఎవరూ కొనకుండా పడి ఉన్న జత ఒకటి దించి, భుజం మీది తువ్వాలుతో దుమ్ము దులిపాడు. నా మడమ లోపలికి పోకపోతే రేకు ముక్క ఒకటి అడ్డం పెట్టి తోశాడు. వేళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నొప్పి మావయ్యా అన్నాను. ఆయన బూటు కొస మీద బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కాడు.

"చూడక్కా, ఎలా దిగిందో! ఇంత చోటుంది ముందర. రెండేళ్ళు నిక్షేపంగా తొడుగుతుంది. దీనిది కాలు నొప్పి కాదు, బడి నొప్పి."

కొట్టులో ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ నా కాలి వంక చూడలేదు. బయట రోడ్డు వంక చూస్తూ, "సరిపోయాయిరా తమ్ముడూ" అంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక గుమ్మంలో కూర్చుని, బూట్ల లోపల మడమ దగ్గరి అంచుకి వేలితో ఆముదం రాస్తూ చాలాసేపు ఉండిపోయింది. ఇంట్లోకి మొదటిసారి వచ్చిన బూట్లు కదా, మురిసిపోతోంది అనుకున్నాను.

హాస్టల్లో పొద్దున్న లేచింది మొదలు వరసలే. వరసలో బడికి, వరసలో భోజనానికి, వరసలో చర్చికి. అన్నింటికీ బూట్లు ఉండాల్సిందే. నేను కుంటుతూ వెనకబడితే వెనకున్న పిల్లలు కావాలని నా మడమలు తొక్కేవాళ్ళు. మడమ చిట్లింది. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడి, చీము పట్టి, ఒళ్ళు కాలే జ్వరం వచ్చింది. వార్డెనమ్మ నా పాదం చూసి ముక్కు మూసుకుని, ఈ పిల్లని తీసుకుపొమ్మని కబురు పెట్టింది. అమ్మ వచ్చి నన్ను వీపున వేసుకుని బస్సు దాకా మోసింది. పుండు మానేసరికి హాస్టల్లో నా చోటు వేరే పిల్లకి ఇచ్చేశారు. నా చదువు అక్కడితో సరి.

మావయ్య మాత్రం ఆ కథని కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. బూటు కరిచిందని చదువు మానేసిన మేనకోడలట! చదువూ సంధ్యా లేనిదానివి ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని నన్ను కొట్టు ఊడవడానికి పెట్టుకున్నాడు. అక్కడే ఒకరోజు, ఎవరి పిల్లకో బిగుతు బూట్లు అంటగట్టి పంపాక, నా మీద దయ పుట్టి కాబోలు, ఆ రహస్యం చెప్పాడు. బూటు కొస మీద పెద్దవాళ్ళు నొక్కితే పిల్లలు జడుసుకుని వేళ్ళు లోపలికి ముడుచుకుంటారు. అప్పుడు ముందర ఖాళీ దానంతట అదే వస్తుంది. చూసే తల్లికి చోటు కనిపిస్తుంది గానీ నొప్పి కనిపించదు.

"ఈ బొటనవేలే మన కొట్టు. నేర్చుకో. నీ పుస్తకాల్లో ఇది ఉండదు," అన్నాడు, చేతిలో బహుమతి పెట్టినట్టు.

నేర్చుకున్నాను. అప్పటి నుంచి అమ్మేవాడి మొహం చూడను, చెయ్యి చూస్తాను. అమ్మ మీద మాత్రం జాలిపడ్డాను, ఆ జాలిలో కొంచెం చులకన కూడా ఉంది. పిచ్చిది, తమ్ముడి వేలిని నమ్మింది, కన్నబిడ్డ నోటిని నమ్మలేదు అనుకున్నాను. ఆవిడ పోయేదాకా అలాగే అనుకున్నాను, ఒక్కసారి కూడా అడగలేదు.

ఇన్నేళ్ళకి ఆ వేలు నాకు ఈ మంచు దేశంలో మళ్ళీ కనిపించింది.

మా అల్లుడు కంప్యూటరు ఉద్యోగం పోయాక, ఐస్ రింకులో, అంటే గడ్డకట్టిన మంచు మీద జారుతూ ఆడే చోట, ఓ మూలనున్న చిన్న షాపు తీసుకున్నాడు. అడుగున బ్లేడుండే బూట్లు, హాకీ స్కేట్లు అమ్మడం, వాటి బ్లేడ్లకి పదును పెట్టడం పని. ఇంట్లో నా ఒక్కదాని కోసం హీటరు దండగని నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. లేసులు ఎక్కించడం నా వంతు. చూడగా చూడగా కొలత కూడా పట్టుబడింది. నడిచే బూటుకి ముందర చోటుండాలి. స్కేటులో అయితే వేళ్ళు కొసకి తగిలీ తగలనట్టు ఉండాలి, మడమ అసలు కదలకూడదు. మడమ కదిలితే చీలమండ వాలిపోయి మనిషి పడతాడు. మనవాళ్ళకి ఇది ఎంత చెప్పినా ఎక్కదు. పిల్లాడికి వచ్చే ఏడాదికి కూడా పనికొచ్చేలా రెండు సైజులు పెద్దవి ఇవ్వమంటారు. చొక్కాలైతే నేనూ అలాగే కొంటాను. కాళ్ళ దగ్గర మాత్రం ఆ పొదుపు కూడదు. పైగా స్కేటు కొస రాయిలా ఉంటుంది, ఎవరి బొటనవేలికీ లొంగదు. అందుకే ఆ వస్తువంటే నాకు గౌరవం.

అవి మన పిల్లలు చదువులకని విమానాల నిండా దిగుతున్న ఏళ్ళు. ఒక్కో బేస్‌మెంట్లో పరుపులు పక్కపక్కనే పరుచుకుని పడుకునేవాళ్ళు. ఎక్కడైనా పార్ట్ టైం పని ఉందంటే రెజ్యూమేలు పట్టుకుని చలిలో లైను కట్టేవాళ్ళు. మా షాపుకీ వచ్చి ఇచ్చి వెళ్ళేవాళ్ళు. మా అల్లుడు ఆ కాగితాల వెనక వైపు చిల్లర లెక్కలు రాసుకునేవాడు.

ఒక శుక్రవారం సాయంత్రం నెల్లూరు వైపు అమ్మాయి ఒకతె వచ్చింది. శని ఆదివారాల్లో ఐస్ మీద తిరుగుతూ పడిపోయిన పిల్లల్ని లేపే పనికి రింకు వాళ్ళు మనుషుల్ని తీసుకుంటున్నారు. మర్నాడు పొద్దున్నే పరీక్ష. స్కేట్లు సొంతవి ఉండాలి, అద్దెవి కుదరవు. ఆ పిల్ల అద్దె స్కేట్లతో చలికాలమంతా నేర్చుకుంది. బాగానే తిరిగేది, నేను షాపు అద్దంలోంచి చూసేదాన్ని. ఈ పని రాకపోతే వచ్చే టర్ము ఫీజుకి దారి లేదట, సామాను సర్దుకుని ఊరెళ్ళడమేనట. ఆ సంగతి కూడా నవ్వుతూనే చెప్పింది.

మా అల్లుడు ఆమెని ఎగాదిగా చూసి, పాతవి పడేసే బుట్టలోంచి ఒక జత తీశాడు. ఎవరో మగమనిషి వదిలేసిన పెద్ద స్కేట్లు. ఆ పిల్ల పాదం అందులో పడవలో కూర్చున్నట్టు కూర్చుంది.

"పెద్దగా ఉన్నట్టున్నాయి అంకుల్."

"లేసు కట్టకుండానే ఎలా తెలుస్తుందమ్మా? ఆగు." ఆ పిల్ల ఎదుట మోకాలి మీద కూర్చుని, లేసులు చేతికి చుట్టుకుని, ఎద్దుకి పలుపు బిగించినట్టు లాగాడు. "ఇప్పుడు లే. కదులుతోందా? సిమెంటు పోసినట్టు లేదూ!"

ఆ పిల్ల నిలబడి తలూపింది. బూటు లోపల నా కుడి బొటనవేలు సలిపింది. మా మావయ్య బిగుతుని దాచడానికి నొక్కేవాడు. ఈయన వదులుని దాచడానికి లాగుతున్నాడు.

"ఆ లేసులు విప్పు బాబూ," అన్నాను.

"మీరూరుకోండి అత్తయ్యా."

"విప్పి, మునివేళ్ళ మీద లేవమను."

షాపులో ఒక తెల్లావిడ కొడుకుతో కూర్చుని ఉంది. ఆవిడ ముందు గొడవ ఎందుకని మా అల్లుడు పళ్ళు బిగించి నవ్వాడు. "మా అత్తగారమ్మా. ఐదో క్లాసు ఎక్స్‌పర్టు!" అన్నాడు ఆ పిల్లతో. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నేను వంగి లేసులు నేనే విప్పేశాను. లేవమన్నాను. స్కేటు నేల మీదే ఉండిపోయింది, మడమ పైకి వచ్చేసింది. ఆ సందులో వేళ్ళు దూర్చి అందరికీ కనపడేలా ఆడించాను. తెల్లావిడకి తెలుగు రాదు గానీ నా వేళ్ళు అర్థమయ్యాయి. కొడుకు కాళ్ళకున్న స్కేట్లు విప్పించి, థాంక్యూ చెప్పి వెళ్ళిపోయింది.

మా అల్లుడు తలుపు వంక చూశాడు, నా వంక చూశాడు. "సంతోషమా అత్తయ్యా? వీళ్ళు స్టూడెంట్స్, మళ్ళీ మన గడప తొక్కరు. మళ్ళీ మళ్ళీ వచ్చే మనిషిని పంపేశారు." తర్వాత ఆ పిల్ల వైపు తిరిగి, "అమ్మమ్మగారు చెప్పారుగా, ఇవి వద్దు. నీ సైజు అదుగో, గోడ మీదుంది. ధర చదువుకో," అన్నాడు.

ఆ పిల్ల గోడ మీది స్కేట్ల చీటీ చదువుకుంది. నేను నడుం నిటారు చేసుకుని నిలబడ్డాను. న్యాయం చేశాననే అనుకుంటున్నాను. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఎందుకు విప్పారు అమ్మమ్మగారూ? నాకు తెలియదా?" అంది. తర్వాత అద్దం అవతల ఐస్ వంక చూస్తూ, "సరిపోయాయి అంకుల్. ఇవే ఇచ్చేయండి," అంది.

భోజనాల దగ్గర మా అమ్మాయి నన్నే తిట్టింది. "ఎందుకమ్మా నీకు అన్నిట్లో? ఆయన అసలే టెన్షన్‌లో ఉన్నారు. రేపు ఇంట్లో ఉండు." హీటరు దండగన్నాను. మర్నాడు వాళ్ళ కంటే ముందే కోటు తొడుక్కుని కారు దగ్గర నిలబడ్డాను.

పరీక్షకి ముందు ఆ పిల్ల షాపు బయట బల్ల మీద కూర్చుని లేసులతో కుస్తీ పడుతోంది. నా వంక చూడలేదు. నేను ఎదురుగా కూర్చుని కాలు చాపమన్నాను. చాపింది. మా అల్లుడు లాగినదానికంటే గట్టిగా లాగాను. అంతకు మించి ఆ స్కేట్లకి చేయగలిగిందేమీ లేదు. అంత బిగిస్తే కాసేపటికి లేసు కింద పాదం ఒరుసుకుపోతుంది. అది తెలిసి, కోటు జేబులో దాచుకున్న పాత స్వెట్టరు ముక్క తీసి, మడత పెట్టి లేసుల కింద సర్దాను. సర్దుతుంటే నా చేతులు ఆగిపోయాయి.

"ఏమైంది అమ్మమ్మగారూ?"

"ఏం లేదు. కదలకు."

మొదట బాగానే తిరిగింది. తర్వాత మలుపు దగ్గర పరీక్ష పెట్టే మనిషి ఆగమని చెయ్యెత్తాడు. స్కేటు ఆగింది, లోపలి కాలు ఆగలేదు. చీలమండ లోపలికి వాలి ఆ పిల్ల పక్కకి కూలిపోయింది. లేవబోయి మళ్ళీ పడింది. పడ్డ పిల్లల్ని లేపే పనికి వచ్చిన పిల్లని ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది. లైనులో నిలబడ్డ వాళ్ళలో ఎవరో నవ్వారు. పరీక్ష పెట్టే మనిషి తర్వాతి పేరు పిలిచాడు.

"నేనేం బలవంతం చేశానా? తనే కొనుక్కుంది," అని మా అల్లుడు పదును పెట్టే మిషను ఆన్ చేశాడు.

ఆ పిల్ల కుంటుకుంటూ వచ్చి, స్వెట్టరు ముక్క నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రింకులో ఎప్పుడూ కనిపించలేదు. ఊరెళ్ళిపోయిందని ఒకరన్నారు, వేరే ఊళ్ళో ఉందని ఇంకొకరన్నారు.

సరిపోయే బూటుకి ఎవరూ ఆముదం రాయరు. ఇంత చిన్న సంగతి నాకు రింకులో ఆ పిల్ల లేసుల కింద స్వెట్టరు ముక్క సర్దుతున్నప్పుడు గానీ తట్టలేదు. అమ్మకి తెలుసు. మావయ్య నొక్కుతున్నప్పుడే తెలుసు. తెల్లారితే గేటు తెరుస్తారు, ఆ జత కాకపోతే ఇంకో జత లేదు. అందుకే నా కాలి వంక చూడలేక రోడ్డు వంక చూసింది. నేను నొప్పి అన్న మాట ఆవిడ వినకపోలేదు.

నా కుడి బొటనవేలి గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది. స్వెట్టరు ముక్క ఉతికి మళ్ళీ కోటు జేబులోనే పెట్టుకున్నాను, మంచి ఉన్ని, పారేయడం ఎందుకు. ఇదివరకు ఆ గోరు కత్తిరించుకున్నప్పుడల్లా మావయ్య వేలు గుర్తొచ్చి ఒళ్ళు మండేది. ఇప్పుడు అమ్మ వేలు గుర్తొస్తుంది. గుమ్మంలో కూర్చుని, చాలదని తెలిసీ, ఆ అంచు మీద ఆముదం రాస్తూనే ఉంటుంది.