హబీబా వదిన ఇద్దరు బిడ్డలు

మా వదిన హబీబాకు నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. యెరూషలేములోని కతమోన్ పేటలో, రైలు పెట్టెల్లా బారుగా కట్టిన పాత ఇళ్లలో, ఒకే మెట్ల దారిలో పైనా కిందా ఉండేవాళ్లం. మా పెద్దవాళ్లు కుర్దుల కొండల నుంచి వచ్చిన యూదులు. శుక్రవారం మధ్యాహ్నానికి ఆమె పొయ్యి మీద బీట్‌రూట్ పులుసులో మాంసం కూరిన కుబ్బె ఉండలు ఉడుకుతుంటే ఆ వాసన మెట్లన్నీ ఎక్కి దిగేది. తాళం బాగుచేయడానికి వచ్చినవాడు కూడా తినకుండా ఆమె గడప దాటలేదు. పెళ్లి గౌన్లను ఒంటికి సరిపడా బిగించడం, వదులు చేయడం ఆమె పని. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగలిగేది.

మా అన్న నెహెమ్యా ఇళ్లకు బండలు పరిచేవాడు. సబ్బాతు నాడు, పనులన్నీ మానేసి అందరూ బల్ల దగ్గర చేరినప్పుడు, పిల్లల ముందు ఒక చిక్కు ప్రశ్న పెట్టడం ఆయనకు అలవాటు. మా నాన్న దగ్గర మేము విన్నవే. ఒకసారి ఎడారి ప్రశ్న పెట్టాడు. ఇద్దరు ఎడారిలో నడుస్తున్నారు. ఒకడి దగ్గరే నీళ్ల సీసా ఉంది. ఒక్కడు తాగితే ఊరు చేరతాడు, ఇద్దరూ పంచుకుంటే ఇద్దరూ చస్తారు. ఏం చేయాలి?

చెరి సగం తాగాలంది వాళ్ల కూతురు తిర్సా. అప్పటికి దానికి పాలపళ్లు ఊడుతున్నాయి. సీసా ఎవడిదైతే వాడే తాగాలన్నాడు దాని తమ్ముడు నతాన్.

"ఒక్క సీసా పట్టుకుని ఇద్దరు మగాళ్లు ఎడారికి బయల్దేరారా?" అంది వదిన గిన్నెలు తీస్తూ. "ఇంట్లో ఆడదిక్కు లేదా ఏం?"

అందరం నవ్వాం. తర్వాత అన్న మా ధర్మశాస్త్రం రాసిన పెద్దల తీర్పు చెప్పాడు. నీ ప్రాణమే ముందు, సీసా ఉన్నవాడే తాగాలి. తిర్సాకు అది నచ్చలేదు, సాయంత్రం దాకా మూతి ముడుచుకుని కూర్చుంది.

అదే తిర్సా పెరిగి పసిపిల్లల బడిలో పంతులమ్మ అయింది. ఒక చలికాలం దాని కాళ్లు వాచాయి. బూట్లు పట్టడం లేదంటే వదిన కొత్త బూట్లు కొనిచ్చింది. తర్వాత ముఖం వాచింది. ఆసుపత్రిలో రెండు మూత్రపిండాలూ పాడయ్యాయన్నారు. అప్పటినుంచి రోజు విడిచి రోజు పిల్లను యంత్రం పక్కన పడుకోబెట్టి రక్తం కడిగించాల్సి వచ్చింది. ఇంటికి తిరిగొచ్చేసరికి పిండేసిన గుడ్డలా ఉండేది.

వదిన తన మూత్రపిండం తీసుకోమంది. ఆమెకు చక్కెర జబ్బు, పనికిరాదన్నారు. అన్నకు గుండె జబ్బు. నా రక్తం కలవలేదు. నతాన్‌ది మాత్రం అన్నివిధాలా కలిసింది. ఆ మాట విన్న రోజు వదిన మెట్ల మీద నన్ను పట్టుకుని నా చేతులు నలిగిపోయేలా నొక్కింది. కొన్నాళ్లకు నతాన్ తండ్రితో ఒక్కడితోనే చెప్పాడు, తనకు భయంగా ఉందని.

సైన్యంలో చేసి వచ్చిన కుర్రాడు. అక్కంటే ప్రాణం. ఎందుకు భయమో వాడికే తెలియదు. మత్తు ఇచ్చి పడుకోబెడతారన్న మాట వస్తే లేచి బయటికి పోయేవాడు.

అన్న మా ప్రార్థనామందిరంలోని గురువు దగ్గరికి వెళ్లి అడిగాడు. ఇవ్వగలిగితే అంతకు మించిన పుణ్యం లేదు, కానీ ఒంట్లోంచి కోసి ఇవ్వమని ఎవరినీ బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు, కన్నతల్లికి కూడా లేదు అన్నాడాయన. ఆ మాటే అన్న ఇంటికి తెచ్చాడు.

"ఆయన కూతురికి పాడయ్యాయా మూత్రపిండాలు?" అంది వదిన.

"అలా మాట్లాడకు. ఎవడి ప్రాణం వాడికి ముందని చిన్నప్పటినుంచీ మనమే చెప్పాం కదే వాళ్లకి."

"ఇది నీ ఎడారి కాదయ్యా. వాడి దగ్గర రెండు సీసాలున్నాయి."



ఆ రోజు నుంచి వదిన కొడుకుతో మాట్లాడటం మానేసింది. వాడి బట్టలు ఉతకలేదు. వాడు గదిలోకి వస్తే లేచి పోయేది. తిర్సాను యంత్రం దగ్గర నుంచి తెచ్చినప్పుడల్లా వాడి గది తలుపు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టేది, చూస్తూ ఉండమని. తిర్సా సిగ్గుతో లేచి పోవాలని చూసేది, లేచే ఓపిక ఉండేది కాదు.

అంతకన్నా ఘోరం ఒక సబ్బాతు భోజనం నాడు జరిగింది. నతాన్ చేసుకోబోయే పిల్ల యెమీమా. దాని తల్లిదండ్రులు తొలిసారి ఇంటికి వచ్చారు. అన్న ద్రాక్షారసం మీద దీవెన చదివాడు, రొట్టె తుంచాడు. వదిన అందరికీ వేడి పులుసు పోసి కుబ్బెలు వేసింది. నతాన్ ముందు ఖాళీ గిన్నె పెట్టి, యెమీమా తండ్రి వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయిని మా వాడికిస్తున్నారు. రేపు ఆ పిల్లకి జబ్బు చేస్తే వీడి మీద ఆశ పెట్టుకోకండి. తోడబుట్టింది చస్తుంటే కూర్చుని చూస్తున్నాడు వీడు."

నతాన్ ముఖంలో రక్తం దిగిపోయి సున్నం కొట్టిన గోడలా అయింది. వాడు లేచి కోటు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. యెమీమా వాడి వెనకే పరుగెత్తింది.

యెమీమా తల్లిదండ్రులను మెట్ల దాకా సాగనంపి వచ్చాడు అన్న. నలుగురిలో మనిషి ముఖం తెల్లబోయేలా చేయడం రక్తం చిందించడంతో సమానమని పెద్దలు ఎందుకన్నారో ఈరోజు చూశానన్నాడు.

"చిందించానయ్యా," అంది వదిన. "ఒకరికి రెండున్నాయి, ఒకరికి ఒక్కటీ లేదు. మీ పెద్దలెవరూ ఆ పిల్ల పక్కన యంత్రం దగ్గర కూర్చోలేదు. నేను కూర్చుంటున్నా."

మర్నాడు నతాన్ వచ్చి ఇస్తానన్నాడు. వదిన వాడి రెండు చేతులూ పట్టుకుని ముద్దులు పెట్టింది. వాడు మెల్లగా చేతులు వెనక్కి తీసుకున్నాడు.

అవయవం ఇచ్చే మనిషిని ఆసుపత్రిలో ఒక కమిటీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. అది పద్ధతి. మేమంతా బయట బెంచీల మీద కూర్చున్నాం. వాడు లోపల చాలాసేపు ఉన్నాడు. చివరికి ఒకావిడ వచ్చి, ఈయన సరిపోరు అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది. కారణం చెప్పలేదు. వదిన ఆవిడ వెంట తలుపు దాకా పోయి కొయ్యబొమ్మలా నిలబడింది.

నతాన్ మెట్ల దగ్గర అన్నకూ నాకూ మాత్రమే చెప్పాడు. ఇది ఎవరి కోరిక అని లోపల అడిగారట. చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. సరిపోరు అని మాత్రమే చెబుతాం, మీరు ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు అన్నారట వాళ్లు.

అన్న వాడి తల మీద చెయ్యి వేశాడు. "మీ అమ్మకి చెప్పకు. ఇల్లు నిలబెట్టడానికి మాట దాచొచ్చు, అది అబద్ధం కిందకి రాదు. ఈ పాపం నాకొదిలెయ్."

పాపం, అన్న ఇల్లు నిలబెట్టాననే అనుకున్నాడు. వారం తిరిగేసరికి వదిన మళ్లీ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "వాడిలో ఏదో కనిపెట్టారే వాళ్లు," అంది. "అందుకే చెప్పట్లేదు. వాడికీ ఇదే జబ్బు ఉంది. ఇద్దరూ పోతారు నాకు."

ఇక ఆమెను పట్టలేకపోయాం. కొడుకు వంటలో ఉప్పు మానేసింది. వాడు నిద్ర లేవగానే ముఖం పట్టుకుని వాపు ఉందేమోనని రెప్పలు నొక్కి చూసేది. నీళ్ల గ్లాసు పట్టుకుని వెంట తిరిగేది. వాడు పని చేసే చోటికి పోయి, మరుగుదొడ్డికి ఎన్నిసార్లు పోతున్నాడని తోటివాళ్లను అడిగింది. ఒక పక్క కూతురు తరిగిపోతుంటే, మరో పక్క లేని జబ్బుతో కొడుకును కూడా పాతిపెట్టుకుంటోంది. చెప్పేద్దామని నేను అన్నను బతిమాలాను. చెబితే కొడుకును ఇంట్లో ఉండనివ్వదన్నాడు.

చివరికి నతానే చెప్పాడు. ఆమె యెమీమా పెళ్లి గౌనుకు అంచు కుడుతోంది. నేను గౌను కింది కొస పట్టుకుని ఉన్నాను.

"అమ్మా, నాకే జబ్బూ లేదు. నేను భయపడ్డాను. అది చూసి పంపేశారు. అంతే."

వదిన నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసింది. "ఏమీ లేదా? నిజంగా? నా మీద ఒట్టేసి చెప్పు."

"ఏమీ లేదమ్మా."

ఆమె రెండు చేతులూ ఎత్తి దేవుడికి దండం పెట్టుకుంది. ఆ చేతులు కిందికి దించకముందే ఏడుపు మొదలైంది. అలాంటి ఏడుపు మా మెట్ల మీద ఎవరూ వినలేదు. "పో," అంది. "ఈరోజు నా కంటికి కనబడకు. రేపు రా. ఈరోజు మాత్రం పో."

తిర్సాకు అన్నీ తెలుసు. యంత్రం పక్కన ఒకసారి నాతో అంది, తమ్ముడు నన్ను చూసి తల దించుకునేలా చేసే మూత్రపిండం నాకొద్దత్తా అని. అమ్మతో ఆ మాట అనలేదు. మరో మనిషిది ఎక్కడైనా దొరుకుతుందని ఎదురుచూశాం. రెండో చలికాలంలో రక్తానికి విషం ఎక్కింది. తిర్సా ఇక కోలుకోలేదు.

ఏడు రోజుల దుఃఖం పాటించడానికి వదిన, అన్న, నతాన్ కురచ పీటల మీద వరసగా కూర్చున్నారు. బట్టల అంచులు చింపుకుని, అద్దాలకు దుప్పట్లు కప్పి. జనం వస్తూ పోతూ ఉన్నారు. ఆ పేటకు కొత్తగా వచ్చిన ఒకామె, మంచి మనసుతోనే, ఇంట్లో ఎవరిదీ ఇవ్వడానికి కుదరలేదా అమ్మా అని అడిగింది. నతాన్ మోకాళ్లు ముడుచుకుని తల వంచాడు.

"ఎవరిదీ సరిపోలేదమ్మా," అంది వదిన. "అందరం ప్రయత్నించాం."

ఆ తర్వాత ఎప్పుడో ఆమెను అడిగాను, వాడిని క్షమించావా వదినా అని. లేదంది. క్షమించడం తన వల్ల కాదంది. వాడూ తనను క్షమించలేదని తనకు తెలుసంది. "ఆ రోజు బల్ల దగ్గర వాడి ముఖం చూశావుగా నువ్వూ. ఇంకోసారి చూడలేనే," అని మాత్రం అంది.

నతాన్, యెమీమా ఇప్పుడు బెయేర్షెబాలో ఉంటున్నారు. వస్తే శుక్రవారం వస్తారు. వదిన వడ్డిస్తుంది, వాడు తింటాడు. ఆ బల్ల దగ్గర ప్రశ్నలు వేయడం మా అన్న మానేశాడు.