ఆర్వో బండి చప్పుడు

సైమా పెల్కొనెన్ వంటింట్లో మొదటి కప్పు కాఫీ అయ్యేదాకా ఎవరూ వచ్చిన పని చెప్పకూడదు. ఎండో వానో మాట్లాడుకోవచ్చు, ఎవరి పొయ్యిలో ఏ కట్టె బాగా మండుతోందో మాట్లాడుకోవచ్చు. అసలు సంగతి రెండో కప్పు పోశాకే. ఆర్వో కంగాస్ ఈ మర్యాద ఎరిగినవాడు. ఏటా మంచు పడకముందు హెమ్లాక్ బే ఊళ్ళో, మంచు మీద నడిచే స్నోమొబైల్ బండ్ల క్లబ్బు తరఫున, పొగబెట్టిన చేపలు కాగితంలో చుట్టుకుని ఆ ఇంటికి వెళ్ళేవాడు. రెండో కప్పు దాకా ఓపిక పట్టి, "ఈ చలికాలం కూడా మీ పొలంలోంచి బాట వేసుకోమంటారా?" అని అడిగేవాడు. సైమా "వేసుకోక?" అనేది. సంతకాలేమీ ఉండేవి కావు. చేయి చేయి కలిపితే మంచు కరిగేదాకా ఆ మాట చెల్లేది.

అలాంటిది జనవరిలో ఒకరోజు ఆమే ఫోన్ చేసి రమ్మంది. ఆర్వో కారులో వెళ్ళి, చెవి మిషను సర్దుకుంటూ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె కాఫీ పోయలేదు. దాంతోనే అతనికి సంగతి చిన్నది కాదని అర్థమైంది.

"ఒక బండి నా ప్రాణం తీస్తోంది, అబ్బాయ్," అంది సైమా. ఆర్వోకి అరవై దాటి చాలాకాలమైంది గానీ, ఎనభై దాటిన ఆమెకు అతనింకా అబ్బాయే.

"ఏ బండి?"

"పేరు చెప్పి పోతుందా? తెల్లారకముందే వస్తుంది. తక్కిన బండ్లన్నీ దోమల్లా పోతాయి. నాకేం బాధ లేదు, పైగా తోడుగా ఉంటుంది. ఇదొక్కటి రంపం పెట్టి కోసినట్టు పోతుంది. ఈయనకి రాత్రంతా కాలు నొప్పి. తెల్లవారుజామునగానీ కన్ను అంటుకోదు. సరిగ్గా అప్పుడే వస్తుంది ముదనష్టపుది."

కిటికీ పక్క మంచం మీద ఆమె భర్త ఓన్ని పడుకుని ఉన్నాడు. పక్షవాతం వచ్చాక అతనికి మాట సరిగా రాదు. ఆర్వోని చూసి ఎడమ చెయ్యి కొంచెం పైకెత్తాడు. కళ్ళ కింద నల్లగా వలయాలు.

"దక్షిణం నుంచి సెలవలకి వచ్చినవాడెవడో అయ్యుంటాడు," అన్నాడు ఆర్వో. "మనవాళ్ళు అలాంటి పని చెయ్యరు. అయినా నేను రోజూ ఆ వేళకే కదా ఇటు వెళ్తాను, బాట మీద చెట్లేమైనా పడ్డాయేమో చూడ్డానికి. అలాంటి బండి నాకెప్పుడూ ఎదురు రాలేదే!"

"వచ్చినా నీకు వినపడి చస్తేగా," అంది సైమా. ఆపైన గొంతు తగ్గించింది. "శనివారం దాకా చూస్తాను ఆర్వో. ఈలోగా దాన్ని పట్టుకోకపోతే గేటుకి అడ్డంగా దుంగలు వేయిస్తాను. నాకు వేరే దారి లేదు."

"నేను పట్టుకుంటాను. నా మాట నమ్మండి," అన్నాడు ఆర్వో.

ఆ పొలానికి ఒకపక్క చిత్తడి నేల, ఇంకోపక్క హైవే. అక్కడ బాట తెగితే ఊరికీ సరస్సుకీ మధ్య బండ్లు తిరగవు. చలికాలం బండ్ల మీద వచ్చేవాళ్ళతోనే ఊళ్ళో హోటలూ, పెట్రోలు బంకూ నడుస్తాయి. కానీ ఆర్వోని పట్టి పీడించింది అది కాదు. ఆ బాటని కుర్రతనంలో తనూ ఓన్నీ కలిసి గొడ్డళ్ళతో కొట్టి తీశారు. ఆర్వో ఉద్యోగమంతా జిల్లా రోడ్ల మీద మంచు తోసే లారీ నడపడమే. ఒక తుపానులో ఆ లారీ గుంటలోకి ఒరిగితే, ఓన్ని ట్రాక్టరేసుకుని వచ్చి, తాడు కట్టి ఇంటికి లాక్కుపోయాడు. తుపాను తగ్గేదాకా సైమా అతన్ని సౌనా అనే వేడి ఆవిరి గదిలో కాచి, పొడి బట్టలిచ్చి, ఏలకుల రొట్టె పెట్టింది. చేతులు నీలంగా మారిపోయి వణుకుతున్న ఆ రోజు కృతజ్ఞత చెప్పడానికి ఆర్వోకి మాట పెగల్లేదు. తర్వాత చెబుదామనుకుంటే సందర్భం దొరకలేదు. అందుకే ఏటా చేపలు.

లారీ అతనికి జీతమిచ్చింది, చెవులు తీసుకుంది. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం. మిషను పెట్టుకుంటే మనుషుల మాటలు బాగానే వినపడతాయి. హెల్మెట్ లోపల మాత్రం అది ఈలేసి చంపుతుంది కాబట్టి బండెక్కేముందు తీసి జేబులో వేసుకుంటాడు.

శనివారం క్లబ్బు షెడ్డు వెనక మైదానంలో బండ్లన్నీ వరసగా నిలబడ్డాయి. చట్టం కొత్తదేమీ కాదు. ఆగి ఉన్న బండి ఇంజనుని సగం వేగంలో తిప్పినప్పుడు పక్కనుంచి కొలిస్తే శబ్దం ఎనభై ఎనిమిది డెసిబెల్స్ దాటకూడదు. దాటితే సైలెన్సర్ మార్చాలి, లేదా బండి బాటెక్కకూడదు. ఇన్నాళ్ళూ ఎవరూ కొలవలేదు, అంతే. ఆర్వో షెరీఫ్ ఆఫీసు నుంచి మీటరు అరువు తెచ్చాడు. గోడలకి కొట్టుకుని శబ్దం తిరిగి రాకూడదని షెడ్డుకి దూరంగా చోటు చూశాడు. బండికీ మీటరుకీ మధ్య దూరం తప్పకుండా ముడులు వేసిన తాడు పరిచాడు.

"చెవిటివాడి చేతికి మీటరిచ్చారు, బాగుంది వరస," అంది వెర్నా. ఆమెదే ఊళ్ళో హోటలు. ఆమె నోటికి ఊరంతా భయపడుతుంది.

"చెవులు మొహమాటపడతాయి. మీటరుకి మొహమాటం లేదు," అన్నాడు ఆర్వో. "డెల్, నీది పట్రా ముందు."

డెల్ బారిబో క్లబ్బు యంత్రంతో బాటని చదును చేసేవాడు, ఆర్వోకి చిన్నప్పటి స్నేహితుడు. ఎందుకో ఆ రోజు అతను నోరు మెదపడం లేదు. బండి తెచ్చి నిలబెట్టి ఇంజను తిప్పాడు.

"ఎనభై నాలుగు. పాసు. తరవాతెవరు?"

ఒక్కో బండీ వచ్చింది, పోయింది. కొన్ని అంచు మీద గట్టెక్కాయి. మిల్వాకీ నుంచి వచ్చిన ఒకాయన బండి తొంభై చూపించింది. ఆర్వో ఉత్సాహంగా అతని మీద పడ్డాడు. "తెల్లవారుజామున పొలాల్లో తిరుగుతున్నది నువ్వేనా?"

"నేను నిన్న రాత్రే వచ్చానండీ. నా బండి ట్రెయిలర్ మీంచి దిగింది ఇప్పుడే!"

వరస అయిపోయింది. సైమా చెప్పిన బండి దొరకలేదు. ఆర్వో తాడు చుట్టడం మొదలుపెట్టాడు. వెళ్ళి ఆమెకి ఏం చెప్పాలి? ఏ మొహంతో ఆ మంచం పక్క నిలబడాలి?

"తాడు చుట్టకు," అంది వెర్నా. "ఇంకోటి ఉంది."

"ఎవరిది?"

"నీది."

"నాదేంటి? కొలిచేవాణ్ణి నేనే కదా!"

ఎవరూ నవ్వలేదు. డెల్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

"మొన్న నువ్వు నా హోటలు ముందు బండి ఆపితే, పెనం మీద గుడ్డు దానంతటదే తిరగబడింది," అంది వెర్నా. "ఎక్కు. హెల్మెట్ పెట్టుకోకు. చెవి మిషను అలాగే ఉంచు."

ఆర్వో ఎక్కాడు. ఇంజను తిప్పాడు. ఆ చలికాలం మొదలయ్యాక తన బండి చప్పుడు తను వినడం అదే మొదటిసారి. రేకుల మీద గొలుసులు ఈడ్చినట్టుంది. చెవిలో మిషను గీ అని అరిచింది. వెర్నా మీటరు అతని వైపు తిప్పి చూపించింది. తొంభై తొమ్మిది.

అతను ఇంజను ఆపేశాడు. తల కొట్టేసినట్టయింది.

వెర్నా వంగి సైలెన్సర్ కింద మంచు తుడిచింది. "పందేలకు మాత్రమే అని అచ్చేసి ఉంది ఇక్కడ. మీలో ఎవడికీ చదువు రాదా?"

దాని పైభాగంలో మాత్రం వేరే అక్షరాలు చెక్కి ఉన్నాయి. 'ఆర్వోకి, కృతజ్ఞతలతో, క్లబ్బు.' ఇన్నేళ్ళ సేవకని కిందటి వసంతంలో విందు పెట్టి ఇచ్చిన బహుమతి అది. డెల్ విస్కాన్సిన్ దాకా వెళ్ళి, పాత సామాన్ల సంతలో ఏరి కొని తెచ్చాడు.

"నీకు తెలుసా?" అడిగాడు ఆర్వో.

డెల్ నీళ్ళు నమిలాడు. "మంచు పడ్డ మొదటి వారమే తెలిసిందిరా. ఎలా చెప్పను? నువ్వేమో దాన్ని అద్దంలా తుడుచుకుంటున్నావు. ఇచ్చిందీ నేనే, తీసెయ్యమనేదీ నేనేనా?"

ఆర్వో బండి దిగాడు. "నిజం చెప్పనా? నాకు పాతదే ఇష్టం. ఇది పెట్టాక బండి కాలి కింద అదురుతోంది. విప్పితే నువ్వేమనుకుంటావోనని ఉంచుకున్నాను."

"అంటే నా కోసం నువ్వూ, నీ కోసం నేనూ..."

"మధ్యలో ఓన్ని నిద్ర."

"మీ మర్యాదలు మండిపోను," అంది వెర్నా. "పాత సైలెన్సర్ ఎక్కడుంది? పారేశావా?"

ఆర్వో తన ఇంటివైపు చెయ్యి చూపించాడు. "పారెయ్యలేదు. చేపల పొగపెట్టెకి గొట్టంగా పెట్టాను."

ఈసారి అందరూ నవ్వారు, మిల్వాకీ ఆయనతో సహా.

డెల్, ఆర్వో కలిసి ఇంటికి పోయి పొగపెట్టె మీంచి తీగలు కత్తిరించారు. సైలెన్సర్ లోపలి మసి దులిపారు గానీ మేపుల్ కట్టె పొగ, చేప నూనె వాసన వదల్లేదు. శరదృతువులో సైమాకి ఇచ్చిన చేపల పొగ కూడా దీంట్లోంచే పోయి ఉంటుందని ఆర్వోకి తట్టింది. ఆమె నిద్ర కాపాడవలసిన వస్తువు పెరట్లో కూర్చుని ఆమెకి చేపలు వండింది. ఆ మాట డెల్‌తో అంటే, అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు.

మళ్ళీ మైదానంలో నిలబెట్టారు. వెర్నా మీటరు చూసింది, ముక్కు ఎగబీల్చింది. "ఎనభై ఐదు. చట్టంలో వాసనకి హద్దు పెట్టలేదు కాబట్టి పాసు."

విప్పిన బహుమతిని డెల్ తీసుకుపోబోతే ఆర్వో ఇవ్వలేదు. "నాకిచ్చింది నాదే. షెడ్డులో పొయ్యి పైన గోడకి కొట్టు. అక్షరాలు కనపడేలా."

అదే సాయంత్రం పొద్దు గుంకకముందు ఆర్వో ఒక్కడూ సైమా ఇంటికి వెళ్ళాడు. ఈసారి ఆమె కాఫీ పోసింది. ఏలకుల రొట్టె కోసి పెట్టింది. ఆర్వో కప్పు ముట్టుకోలేదు. మొదటి కప్పయినా కాకుండా ఆ బల్ల దగ్గర పని మాట ఎత్తడం అతనికి అదే మొదలు.

"బండి దొరికింది."

"ఎవడిది?"

"నాది."

సైమా కత్తి పళ్ళెంలో పెట్టింది. అంతా విన్నది. బహుమతి సంగతి, చెవి మిషను సంగతి, ఆఖరికి పొగపెట్టె సంగతి కూడా. కిటికీ వైపు నుంచి ఏదో చప్పుడైతే ఇద్దరూ తిరిగి చూశారు. ఓన్ని నవ్వుతున్నాడు. నోరు ఒకపక్కే కదులుతోంది గానీ భుజాలు రెండూ ఊగుతున్నాయి.

"నువ్వూరుకో," అని భర్తని కసిరి, సైమా ఆర్వో వైపు తిరిగింది. "రోజూ తెల్లారేసరికి లేచి ఆ బండివాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఇవాళ నువ్వొస్తే రొట్టె కోసి పెట్టాను. ఇప్పుడా తిట్లన్నీ ఏం చేసుకోను?"

"ఉంచుకోండి. నాకు చెందినవే."

"దుంగలు వెయ్యనులే. ఇవాళ శనివారమేగా, మాట మీద నిలబడ్డావు."

ఆర్వో లేచి మంచం దగ్గరికి వెళ్ళాడు. ఓన్ని ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉంది. దాన్ని పట్టుకున్నాడు. తుపానూ, ట్రాక్టరూ, తాడూ, పొడి బట్టలూ అన్నీ గొంతు దాకా వచ్చాయి. "ఆ రోజు మీరిద్దరూ..." అన్నాడు. "నేనెప్పుడూ చెప్పలేదు. చాలా..."

ఓన్ని అతని చేతిని ఒకసారి గట్టిగా నొక్కి వదిలేశాడు.

"కాఫీ చల్లారిపోతోంది," అంది సైమా వెనకనుంచి. ఆర్వో వచ్చి కూర్చుని తాగాడు.

ఆ తర్వాతి వారం గేటు దగ్గర ఒరిగిపోయిన బాట గుర్తు పలకని ఆర్వో నిలబెడుతుంటే, సైమా తలుపు తీసి కేకేసింది.

"ఏం అబ్బాయ్, సిగ్గుపడి రావడం మానేశావా? బాట మీద చెట్టు పడితే ఎవరు చూస్తారు?"

"రోజూ వస్తూనే ఉన్నానండీ. ఇవాళ కూడా తెల్లవారుజామున వచ్చాను."

సైమా నమ్మనట్టు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, లోపల కిటికీ పక్క మంచం వైపు చూసింది. ఓన్ని గడ్డం నున్నగా గీసి ఉంది. కళ్ళ కింది నలుపు తగ్గింది.

"మాకు వినపడలేదు," అంది.

లోపలికి రమ్మని కాఫీ పోసింది. ఆర్వోకి అడగాల్సిన పని ఏదీ లేదు. అయినా మొదటి కప్పు కాగానే ఆమె రెండోది పోసింది.