కాకులకు తెలిసిన సోమవారం

1936 కార్తీకంలో నన్ను ఏలూరు అటవీశాఖ ఆఫీసులో ఫీల్డ్ అసిస్టెంటుగా వేశారు. జంతుశాస్త్రంలో బి.ఏ. ప్యాసయ్యాను కనుక పక్షుల పని తెలుస్తుందని పైవారు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అప్పటికి నేను దగ్గరగా చూసిన పక్షి, కాలేజీలో కోసిన పావురం ఒక్కటే.

తాడేపల్లిగూడెంలో రైలు దిగి బండిదారిన పోతే ఒక ఊరు వచ్చేది. అక్కడి తాటిచెట్ల మీద ఏటా గూడబాతులు గూళ్లు కట్టేవి. ముక్కు కింద సంచి వేలాడే పెద్ద పక్షులవి. పొద్దున్నే కొల్లేటికి పోయి, చేపలు మింగి వచ్చి పిల్లలకు పెట్టేవి. వాటి సంతతి తగ్గుతోందని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గుడ్లు లెక్కించాలి, వాటిని తినే జీవాన్ని కనిపెట్టాలి, దాన్ని తగ్గించాలి. అలాంటిదాన్ని మా కాగితాల్లో ‘హానికర జీవి’ అనేవాళ్లం.

చెట్లకు సున్నంతో నంబర్లు వేయించాను. సోమవారం, గురువారం ఒక మనిషి చెట్టెక్కి గూట్లో ఏముందో కేకేసి చెబుతాడు. నేను కింద కుర్చీలో కూర్చుని గూళ్ల రిజిస్టరులో రాసుకుంటాను. ఎక్కడానికి, ఆ ఊళ్లో కల్లు గీసే సూరయ్యను కుదుర్చుకున్నాను. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. మొదటి రోజు చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని నిలబడిపోయాడు. పిట్టలు గూళ్లలో ఉన్నన్నాళ్లూ ఆ చెట్లు ఎక్కడమన్నది తాతలనాటినుంచీ లేదన్నాడు. నీ గీత లైసెన్సు ఇచ్చేది కూడా సర్కారే కదయ్యా అని గుర్తుచేశాను. చమత్కారంగానే అన్నాననుకున్నాను. ఎక్కాడు.

రెండు వారాల్లో నష్టం కనబడింది. సూరయ్య తల పైకి రాగానే తల్లి లేచిపోయేది. అతను దిగి పక్క చెట్టుకు మోకు వేసేలోగా కాకి వచ్చి గుడ్డు పొడిచేది. కళ్లారా చూశాను, చూసింది రాశాను: హానికర జీవి, కాకి. ఉత్తర్వు ప్రకారం ఒక వేటగాణ్ణి పిలిపించి కాకుల్ని కాల్పించాను. తుపాకీ పేలితే గూడబాతులన్నీ ఒక్కసారిగా లేచేవి. కాకులు కొన్ని పడేవి. మిగిలినవి తీరిగ్గా గూళ్ల మీద వాలేవి.

ఒక రోజు సూరయ్య చెట్టు దిగి, మోకు పక్కన పెట్టాడు.

“బాబుగారూ, కాకులకి సోమవారం తెలుసండి.”

బడికి గాని వెళుతున్నాయేమిటయ్యా అన్నాను. వేటగాడు నవ్వాడు. సూరయ్య నవ్వలేదు.

“మీ కుర్చీ బండి దిగితే వత్తన్నాయండి. మిగతా రోజుల్లో ఒక్కటీ కనపడదు. నేనెక్కకపోతే తల్లి లెగదు. తల్లి లెగకపోతే కాకేం చేత్తాదండీ?”

సూరయ్య జంతుశాస్త్రం చదవలేదు కనుక ఆ మాట రిజిస్టరులోకి ఎక్కలేదు.

తర్వాత నాకు జ్వరం తగిలి పన్నెండు రోజులు ఏలూరులో పడుకున్నాను. లెక్కా ఆగింది, తుపాకీ ఆగింది. తిరిగి వెళ్లి చూస్తే ముందు రాసిన గుడ్లన్నీ భద్రంగా ఉన్నాయి, కొన్ని పిల్లలయ్యాయి కూడా. చదువుకున్నవాడికి సందేహం రావలసిన చోటు అది. నాకు సంతోషం వచ్చింది. తుపాకీ ఫలించిందని రాసి, ఆ ఫలితాన్ని శ్రద్ధగా గమనించాలని లెక్క రోజూ చేయించాను.

పుష్యమాసం చివర ఒక ఉదయం పక్షులు కొల్లేటికి వెళ్లి తిరిగి రాలేదు. గూళ్లలో పిల్లలు రెండు రోజులు అరిచాయి. మూడో రోజు లెక్క చాలా సులువుగా అయింది.

కారణం ఒక్క వాక్యంలో రాసి పంపమని పై అధికారి అడిగారు. ఏలూరులో రిజిస్టరు ముందేసుకుని కూర్చుంటే ఆ పన్నెండు రోజుల ఖాళీ కనబడింది. లెక్క ఆగిన ఆ రోజుల్లో ఒక్క గుడ్డూ పోలేదు; సూరయ్య మాటకు రుజువు నా చేతిరాతలోనే ఉంది. లెక్కే కారణమని రాస్తే, లెక్క పెట్టించిందెవరని అడుగుతారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ‘చెట్టెక్కిన సూరయ్య గుడ్లు దొంగిలించాడని అనుమానం’ అని రాశాను. ఆ ‘అనుమానం’ అన్న మాట నా మనస్సాక్షి కోసం చేర్చింది. దాంతో అది సరిపెట్టుకుంది.

నా ఉద్యోగం ఖాయమైంది. సూరయ్య గీత లైసెన్సును సర్కారు ఆ ఏడు మళ్లీ ఇవ్వలేదు.

రెండేళ్లకు భీమడోలు స్టేషన్లో అతన్ని చూశాను. పట్టాల పక్కన కంకర మోస్తున్నాడు. నేను రైళ్ల వేళల బోర్డును కొత్తగా చదవడం మొదలుపెట్టాను. అతనే గంప దించి దగ్గరకొచ్చాడు.

“బాగున్నారా బాబుగారూ? పిట్టలు మళ్లీ వచ్చినాయంటండి. ఈ ఏడు ఎవరూ ఎక్కలేదంట.”

నివేదికలో ఏముందో అతనికి తెలుసా అని నేను అడగలేదు. తెలియదని అనుకోవడానికి అతని ముఖం ఏమీ సాయం చేయలేదు. రైలు రాగానే ఎక్కేశాను.

ఆ తర్వాత నేను నడిపిన ప్రతి రిజిస్టరులో, హానికర జీవుల గడికి ముందు ఇంకో గడి గీయించాను. మేము వెళ్లిన వేళ, అక్కడ ఉన్నంతసేపు అందులో రాయాలి. కొత్తవాళ్లు ఎందుకని అడిగితే పద్ధతి అని చెప్పేవాణ్ణి. లెక్కపెట్టేవాడూ ఆ చెట్ల కింద తిరిగే జీవే, అతణ్ణీ లెక్కలో వేయాలన్నది నేను నేర్చుకున్న సంగతి. పాత నివేదికను సరిదిద్దమని మాత్రం పదవీ విరమణ దాకా ఒక్క కాగితమూ పెట్టలేదు. అందులో ‘కారణం’ అన్నచోట ఇప్పటికీ సూరయ్య పేరే ఉంది.