పసుపు జాకెట్టు కనబడేదాకా

నాగజ్యోతి పుట్టింది కె. కోటపాడు, మెట్టింది అనకాపల్లి. రెండింటికీ మధ్య బస్సులో గంట. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో ఆవిడ చేసిన ప్రయాణాలన్నీ దాదాపు ఆ గంటలోనే అయిపోయేయి. తిరుపతి ఒకసారి వెళ్ళేరు గానీ, రైల్లో కిటికీ పక్కసీటు అత్తగారు సూర్యకాంతమ్మ పట్టేసుకోడం వల్ల ఈవిడకి దారి పొడుగునా అత్తగారి వీపు తప్ప ఏమీ కనబడలేదు. అలాంటి మనిషి మోటారు సైకిలు మీద తవాంగ్ వెళ్తానంటే ఇంట్లోవాళ్ళు నవ్వరా మరి? నవ్వేరు. కడుపులు పట్టుకుని నవ్వేరు.

తవాంగ్ అంటే పక్కూరు కాదు. దేశానికి ఈశాన్యం కొసన, అరుణాచల్ ప్రదేశ్‌లో, మంచుకొండల మీద ఉంది. ఒడిశా దాటాలి, బెంగాల్ దాటాలి, అస్సాం దాటాలి, అప్పుడు కొండెక్కాలి.

నన్నడిగితే తప్పంతా మొగుడిదే. సురేష్‌బాబుది బెల్లం కమీషను వ్యాపారం. బెల్లం దిమ్మ చేత్తో తట్టి ఏ ఊరి చెరుకో చెప్పేస్తాడు, అంతటి బుద్ధిమంతుడు. నలభై దాటేక ఆయనకి బండి పిచ్చి పట్టింది. ఆరడుగులవాళ్ళు ఎక్కే టూరింగ్ బండి ఒకటి కొన్నాడు. ఫోన్లో ‘తూర్పుకనుమ రైడర్లు’ అన్న గ్రూపులో చేరేడు. ఆ గ్రూపులో విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న బండి పిచ్చోళ్ళంతా ఉంటారు. ఎక్కడెక్కడ తిరిగొచ్చేరో ఫొటోలతో సహా రాస్తారు. ఏ టైరు మంచిది, ఏ రెయిన్‌కోటు కారుతుంది అని వాదించుకుంటారు. చైనుకి ఏ ఆయిలు పొయ్యాలన్న గొడవలో రెండు వర్గాలై మాటలు మానేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. సురేష్‌బాబు రోజూ అవన్నీ పెళ్ళాం వంకాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని పైకి చదివేవాడు. ఆవిడ విననట్టే ఉండేది. అన్నీ వినేది.

ఆయన వెళ్ళింది ఒక్కసారే, అరకు దాకా. తిరిగొచ్చేసరికి నడుం పట్టేసింది. డిస్కు జారిందన్నారు డాక్టర్లు. ఆయన మంచమెక్కేడు, బండి బెల్లం గొడౌన్లో మూలకి చేరింది.

బెల్లం గొడౌన్లో నిలబెట్టిన బండికి ఏమవుతుందో అనకాపల్లి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చీమలు! సీటు కింద చీమలు, వైర్లలో చీమలు, సైలెన్సర్లో చీమలు. వారానికోసారి ఇంజను వేడెక్కితే గానీ అవి వదలవని మెకానిక్కు అతీక్ చెప్పేడు. కొట్టు చూసుకుంటున్నది నాగజ్యోతే గాబట్టి ఆ పనీ ఆవిడకే పడింది. మొదటి వారం ఊరికే స్టార్ట్ చేసి చెవులు మూసుకుంది. తరవాతి వారం ఎక్కి కూర్చుంది. ఆ తరవాత గొడౌన్లో ఒక చుట్టు, ఆదివారాలు ఖాళీగా ఉన్న బెల్లం మార్కెట్ యార్డులో పది చుట్లు. కాళ్ళు నేలకి అందకపోతే అతీక్‌ని పిలిచి సీటు స్పాంజి కోయించింది.

“మీవారి సీటు కదమ్మా, అడుగుతారేమో,” అన్నాడతను.

“నడుం నొప్పోళ్ళకి మెత్తటి సీటు మంచిది కాదట. కోసీ,” అంది.

చీమలు ఎప్పుడో పోయేయి. ఆవిడ మాత్రం ఆగలేదు. తెల్లారగట్టే కొండకర్ల ఆవ దాకా వెళ్ళి, నీళ్ళ మీద పిట్టల్ని చూసి, కొట్టు తీసే వేళకి తిరిగొచ్చేసేది. ఒకరోజు బస్సులో వెళ్ళవలసిన పుట్టింటికి బండి మీద వెళ్ళింది. కె. కోటపాట్లో ఆడవాళ్ళంతా బుగ్గలు నొక్కుకున్నారు. ఇక్కడ సూర్యకాంతమ్మ రెండు రోజులు కోడలితో మాట్లాడలేదు. మూడోరోజు, “బండి మీద గుడికి దింపుతావేటి?” అనడిగింది.

గ్రూపులో తవాంగ్ ప్రయాణం అన్న కబురు వచ్చిన రోజు సురేష్‌బాబు అలవాటు కొద్దీ పైకి చదివేడు. నాగజ్యోతి కత్తిపీట పక్కన పెట్టి, “నేను వెళ్తానండి,” అంది.

“ఏటే, మతి పోయిందా? మగాళ్ళకే నడుములు పోతన్నాయి!”

“మీ నడుం పోయింది. నాది బానే ఉంది.”

అనడమైతే అనేసింది గానీ, దానికో పరీక్ష ఉంది. కొత్తవాళ్ళు ముందు ఏజెన్సీ కొండల్లో ఒకరోజు రైడుకి రావాలి. ముందు బండి నడిపే త్రినాథ్, ఆఖరు బండి నడిపే పరదేశి, ఇద్దరూ సరే అంటేనే తవాంగ్. పైగా తవాంగ్ ప్రయాణమే జరిగేట్టు లేదు. బుచ్చయ్యపేటలో వ్యవసాయం చేసుకునే పరదేశికి మోకాళ్ళు అరిగిపోయేయి, ఆయన రానన్నాడు. ఆఖరు బండి లేకుండా అంతదూరం వెళ్ళడం త్రినాథ్‌కి ఇష్టం లేదు. ఆఖరు బండంటే ఎవర్నీ దాటకూడదు, ఎవడి బండి ఆగిపోతే వాడితోనే ఆగాలి, ఫొటోలయిపోయేక చేరాలి. పసుపు జాకెట్టు ఒకటే దక్కేది. ఆ చోటు నాకొద్దంటే నాకొద్దని అందరూ జారుకున్నారు. ముందుండటానికి కదా బండి కొనుక్కున్నది!

పరీక్ష రోజు నర్సీపట్నంలో ఇడ్లీలు తింటుంటే త్రినాథ్ పద్ధతి చెప్పేడు. విశాఖలో కంప్యూటర్ ఉద్యోగం అతనికి, చెప్పే తీరు బడి పంతులులా ఉంటుంది. “రోడ్డు రెండుగా చీలిన ప్రతిచోటా నా వెనక బండిని అక్కడ నిలబెడతాను. వాళ్ళు మిగతావాళ్ళకి దారి చూపించాలి. పసుపు జాకెట్టు పరదేశి బావ కనబడేదాకా అక్కణ్ణించి కదలకూడదు. ఎవరు చెప్పినా సరే. మనం కదిలేమా, వెనకవాళ్ళు అడవిలో దారి తప్పుతారు. అర్థమైందా అక్కా?”

“అయింది,” అంది నాగజ్యోతి. ఆవిడకి అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాలేదని తరవాత తేలింది.

చింతపల్లి దాటి అడవిలోకి వెళ్ళేక ఒక చీలిక దగ్గర త్రినాథ్ చెయ్యి చూపించేడు. ఆవిడ ఆగింది. బండి పక్కకి తీసి ఇండికేటర్లు వేసి ఎడమ దారి చూపిస్తూ నిలబడింది. ఒక్కొక్కరే వచ్చేరు, చెయ్యూపి వెళ్ళేరు. ఇంక రావలసింది ఇద్దరు, కిరణ్, పరదేశి. ఎంతకీ రారే!

జరిగిందేమిటంటే, కిరణ్ బండి చైను చింతపల్లి దగ్గర తెగిపోయింది. పరదేశి ఆ బండిని నర్సీపట్నం వెళ్ళే లారీ ఎక్కించి, తోడుగా తనూ వెనక్కి బయల్దేరేడు. బయల్దేరేముందు గ్రూపులో మెసేజీ పెట్టేడు. ‘నేను రావటం లేదు. సీలిక కాడ జ్యోతమ్మ ఉంది, ఎవరో వొకలు ఎళ్ళి పిలుసుకోండి.’ ముందువాళ్ళు భోజనాలకి ఆగినచోట సిగ్నలుంది. అందరూ చూసేరు. అందరూ బొటనవేలి బొమ్మ పెట్టేరు. బొమ్మ పెట్టగానే పనైపోయినట్టే ఈ ఫోన్ల కాలంలో! త్రినాథేమో గ్రూపులో తారక్ అనే కుర్రాడు వెళ్ళేడనుకున్నాడు. ఆ తారకేమో ఆవిడ పరదేశితో ఇంటికెళ్ళిపోయిందనుకున్నాడు. మిగతావాళ్ళు చికెన్ తిన్నారు. తిరుగుదారి వేరే గాబట్టి మళ్ళీ ఆ చీలిక వైపు ఎవరూ రానే లేదు.

నాగజ్యోతి నిలబడ్డచోట సిగ్నలు లేదు. మధ్యాహ్నం దాటింది. వానొచ్చింది. గ్లౌజులు పిండుకుంది, మళ్ళీ తొడుక్కుంది. డబ్బాలో తెచ్చుకున్న పులిహోర చెట్టు కింద నిలబడే తింది, కళ్ళు మాత్రం రోడ్డు మీదే. మిరియాల బస్తాల జీపొకటి ఆగింది.

“మీవోళ్ళు పైన తినేసి ఎళ్ళిపోతన్నారమ్మా. నువ్వింకా ఇక్కడే ఉన్నావేటి?” అన్నాడు డ్రైవరు.

“వెనకాయన రావాలి.”

“పసుపు కోటాయనా? ఇందాక నేను పైకి ఎళ్తన్నప్పుడు చింతపల్లిలో లారీకి బండి ఎక్కిత్తన్నాడు. ఇంక రాడు.”

ఆవిడకి వెళ్ళిపోతే బావుణ్ణనిపించింది. కాళ్ళు పీకుతున్నాయి, ఒళ్ళంతా తడి. కానీ ఈ మనిషెవరో, చూసింది ఏ పసుపు కోటునో! పరదేశి గారు ఆ లారీ పంపించేసి వెనకే వస్తుంటే? ఇక్కడ తను లేకపోతే కుడివైపు అడవిలోకి వెళ్ళిపోడూ ఆ పెద్దాయన?

“ఆయనొచ్చి చెప్తే కదుల్తాను,” అంది.

“మొండిదానివమ్మా,” అని జీపువాడు ఒక ప్లాస్టిక్ పట్టా ఇచ్చి వెళ్ళేడు.

ఆ పట్టా కప్పుకుని ఏడ్చింది కూడా. అబద్ధమెందుకు, బాగా ఏడ్చింది. వాళ్ళని తిట్టింది, బండిని తిట్టింది, ఇదంతా పైకి చదివి వినిపించిన మొగుణ్ణి మరీ మరీ తిట్టింది. తిట్టడం అయ్యేక కళ్ళు తుడుచుకుని మళ్ళీ రోడ్డంచున నిలబడింది. ఇక్కణ్ణించి ఓడిపోయి వెళ్తే ఇంక బెల్లం కొట్టు గుమ్మం దాటలేనని ఆవిడకి తెలుసు.

అక్కడ నర్సీపట్నంలో పరదేశి టీ తాగుతూ ఫోను చూసేడు. బొటనవేళ్ళ బొమ్మలు వరసగా ఉన్నాయి గానీ, ‘జ్యోతక్క వచ్చేసింది’ అన్న ముక్క ఎక్కడా లేదు. ఆయనకి టీ దిగలేదు. కిరణ్‌ని లారీతో వదిలేసి, అరిగిన మోకాళ్ళతోటి, ఆ వానలో, మళ్ళీ ఘాటీ ఎక్కేడు.

చీకటి పడబోతుండగా చీలిక దగ్గర ఒక ఇండికేటరు గుడ్డిగా వెలిగి ఆరుతోంది. దాని పక్కన పట్టా కప్పుకుని ఒక మనిషి ఎడమ వైపు చెయ్యి చాపి ఉంది.

“ఓలమ్మా! ఇంకా ఇక్కడే ఉన్నావా తల్లీ!”

“మీరు రాకుండా ఎలా కదుల్తానండీ?” అంది నాగజ్యోతి. పళ్ళు కొట్టుకుంటున్నాయి. “వెనక ఇంకెవరూ లేరు కదా?”

పరదేశి హెల్మెట్ అద్దం పైకెత్తి కళ్ళు తుడుచుకున్నాడు. పొద్దున్నించీ లైట్లేసి ఉంచేసరికి ఆవిడ బండి బ్యాటరీ చచ్చిపోయింది. ఆయన ఆ మోకాళ్ళతోనే పల్లంలోకి తోసి స్టార్ట్ చేయించేడు.

సిగ్నలు రాగానే పరదేశి త్రినాథ్‌కి ఫోన్ చేసి అన్న మాటలు ఇక్కడ రాయడం బావుండదు. అంతా నర్సీపట్నం టీకొట్టు దగ్గర తలలొంచుకుని నిలబడ్డారు. త్రినాథ్ ముఖం పాలిపోయింది.

“తప్పయిపోయింది అక్కా. ఎవరో ఒకరు వెళ్ళేరనుకున్నాం. తవాంగ్‌కి మీ సీటు ఖాయం.”

“సిగ్గుండాలి,” అంది నాగజ్యోతి. వాళ్ళందరి వైపూ చూసి మరీ అంది. “మనిషిని అడవిలో నిలబెట్టి బొమ్మలు పెట్టుకుంటారా? మీ సీటు నాకేటీ అక్కర్లేదు. ఆఖరు బండి నాది. మీరంతా వద్దన్నారటగా, నాకివ్వండి. నా వెనక మాత్రం ఎవర్నీ వదలను.”

పరదేశి పసుపు జాకెట్టు విప్పేడు. “తడిగా ఉంది, ఆరేసుకో,” అని ఆవిడ చేతికిచ్చేడు.

ఇంటికొచ్చేక సురేష్‌బాబు గుమ్మంలోనే అడిగేడు. “ఎక్కడున్నావే? అందరికన్నా ముందెళ్ళేవా?”

“అందరికన్నా వెనక,” అంది. ఆయనకి నవ్వొచ్చింది గానీ పెళ్ళాం ముఖం చూసి మింగేసేడు. మర్నాడు నడుం పట్టుకునే అతీక్ దగ్గరికి స్వయంగా వెళ్ళి కొత్త బ్యాటరీ వేయించేడు.

దసరాలయ్యేక వాళ్ళు తవాంగ్ బయల్దేరేరు. దారిలో ఎన్నో అయ్యేయి. అన్నిట్లోనూ ఆవిడ ఆఖర్నే ఉంది. పంక్చర్లు, జ్వరాలు, ఎక్కడో పోయిన పర్సులు, అన్నిటి దగ్గరా ఆగింది. తవాంగ్‌కి ముందొచ్చే సేలా కనుమ ఎక్కే రోజున తారక్ బండికి ఊపిరాడలేదు, మంచుగాలికి మాటిమాటికీ ఆగిపోయేది. మిగతావాళ్ళంతా పైకెళ్ళిపోయేరు. కనుమ మీంచి వాళ్ళు పెట్టిన ఫొటోని సురేష్‌బాబు కొట్లో కూర్చుని తల్లికి చూపించేడు.

“మన జ్యోతేదిరా ఇందులో?” అంది సూర్యకాంతమ్మ. ఆయన రెండు వేళ్ళతో పెద్దది చేసి వెతికేడు. లేదు. త్రినాథ్ కూడా లేడు.

అక్కడ కొండ మీద పొగమంచు కమ్మేసింది. ముందు చక్రం తప్ప ఏమీ కనబడటం లేదు. కొత్తగా తవ్విన సొరంగం దారి ఒక వైపు, కనుమ మీదకెళ్ళే పాత రోడ్డు ఒక వైపు చీలుతాయని చదివింది గానీ, ఆ చీలికెక్కడో ఎలా తెలుస్తుంది? చూసుకోకుండా సొరంగంలో దూరిపోతే కనుమ తప్పిపోయినట్టే. మా ఇద్దరి కోసం ఈ చలిలో ఎవడు నిలబడతాడు, టీలు తాగుతుంటారు, అనుకుంది. అనుకుని మరీ దిగులు పడింది.

అప్పుడు కనబడింది, పొగమంచులో ఇండికేటరు. దాని పక్కన త్రినాథ్. హెల్మెట్ మీద, భుజాల మీద మంచు పేరుకుపోయింది. పైకి రమ్మని గ్రూపులో ఎంతమంది ఎన్నిసార్లు పిలిచేరో, ముందుండవలసిన మనిషి కదలకుండా అక్కడే నిలబడ్డాడు. పెదాలు నల్లబడ్డాయి. పాత రోడ్డు వైపు చెయ్యి చాపే ఉంది.

తారక్ ముందు దాటేడు. నాగజ్యోతి త్రినాథ్ పక్కన బండి ఆపింది.

“వెనక ఇంకెవరూ లేరు కదా అక్కా?” అన్నాడు త్రినాథ్.

“లేరు. పద,” అంది.