బకెట్టు నలభైకి నిండాలి

ధార బాబాయ్ ఎవరింటికి వెళ్లినా ముందు పలకరించేది మనుషుల్ని కాదు, కుళాయిల్ని. చెప్పులు విప్పడమే ఆలస్యం, స్నానాలగదిలోకి దూరి, కుళాయి కింద బకెట్టు పెట్టి అంకెలు లెక్కపెట్టేవాడు. నలభైకి నిండితే ఆ ఇంటికి ఆరోగ్యం. అరవై దాటితే జ్వరం. వంద దాటిందా, జేబులోంచి పాత పళ్ల బ్రష్షు తీసి, కుళాయి మూతి విప్పి, జల్లెడలో ఇరుక్కున్న ఇసుకంతా తోమేదాకా కుర్చీలో కూర్చోడు. ఒకసారి చావింటికి పరామర్శకు వెళ్లి లోపల లెక్కపెడుతుంటే, ఎంతకు నిండుతుందో విందామని బయట ఏడుపులు కాసేపు ఆగాయట. పిన్నికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన వైద్యానికి లొంగని రోగి ఒక్కటే, సొంత మేడమీది కుళాయి. ట్యాంకు నెత్తిమీదే ఉన్నా దీపం కింద చీకటిలా అక్కడ చుక్కలే రాలేవి. పైన అద్దెకుండే దర్జీ అమ్మాయి, మంచాన పడ్డ అత్తగారికి నీళ్లు పోయడానికి కిందినుంచి బిందెలు మోసి మోసి నడుము పట్టేసి, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తానంది. బాబాయ్ పైపులు మార్చాడు, జల్లెళ్లు తోమాడు. గుణం లేదు.

ఆ వారంలోనే కింద పిన్ని వంటింటి కుళాయి కూడా నూలుపోగులా జారడం మొదలెట్టింది. ఆమె లెక్కపెడితే బిందె నిండేసరికి రెండొందలు దాటింది.

"ఊరందరికీ వైద్యం చేస్తారు, మన కుళాయి మూలుగు వినపడదా?"

"ఎండాకాలం కదా, నీళ్లకీ బద్ధకమే" అన్నాడు పేపరు చాటునుంచి. జేబులో బ్రష్షు కదల్లేదు. మనిషికేమైనా అయిందేమోనని పిన్నికి గుబులు పట్టుకుంది.

పది రోజులు ఓపిక పట్టి, ఆయన బయటికెళ్లినప్పుడు ప్లంబర్ని పిలిపించింది. అతను పెరట్లోకి వెళ్లొచ్చి, జబ్బేమీ లేదనీ, కిందికొచ్చే పైపు వాల్వును ఎవరో ముప్పాతిక బిగించారనీ, పూర్తిగా తెరిచేశాననీ చెప్పాడు. బిందె గలగలా నిండింది. పిన్ని మొహం వెలిగింది.

అంతలో మెట్లమీంచి దర్జీ అమ్మాయి గొంతు.

"పిన్నిగారూ, అత్తయ్య తలమీద సబ్బుంది, నీళ్లాగిపోయాయి. పది రోజులుగా బాగా వస్తున్నాయని ఇల్లు మారడం కూడా మానేద్దామనుకున్నానండీ."

పిన్ని కుళాయి కట్టేసి, ప్లంబర్ని పంపించేసి, తనే పెరట్లోకి నడిచింది.

సాయంత్రం బాబాయ్ వచ్చి, అలవాటుకొద్దీ వంటింటి కుళాయి తిప్పాడు. నూలుపోగు కాస్తా వెంట్రుకైంది. పెరట్లోకి పరిగెత్తి వాల్వు తడిమి వచ్చాడు.

"ఇదేంటి, నేను ముప్పాతికే కదా బిగించింది?" అనేసి నాలుక్కరుచుకున్నాడు.

పిన్ని కూర తరుగుతూ తలెత్తలేదు.

"పెద్దావిడది ఒత్తు జుట్టండీ. ముప్పాతిక చాలదు."